తాత విడిచిన వరుస

నా చిన్నప్పుడు మా లక్డారంలో శనివారం సాయంత్రమైతే హనుమాండ్ల గుడిలో భజన జరిగేది. మా తాత తాళాలు పట్టి ముందు పాడితే మిగతావాళ్ళు అందుకునేవారు. పాట నడకను మా వైపు వరుస అంటారు. తాతకు తన గురువు నేర్పిన శరణు పాట ఒకటి ఉండేది. దాని వరుస బావిలోంచి నిండు బొక్కెన చేదినట్టు ఆగి ఆగి పైకి వచ్చేది.

తొమ్మిదేళ్ళ నాకు అది నిద్ర తెప్పించేది. ఫ్యాక్టరీవాళ్ళు చాయ్ తాగే హోటల్లో రేడియో మోగేది. నా చెవులు అక్కడే ఉండేవి.

ఒక శనివారం శరణు పాట మధ్యలో నవ్వు ఆపుకోలేక, పక్క పిల్లలకు వినబడేలా ఒక సినిమా పాట కూనిరాగం తీశాను. డోలక్ వాయించే పెద్దాయన చెయ్యి ఆపేశాడు.

"గీ పోరిని బయటికి పంపుండ్రి. సినిమా పాటకు దేవునికి ఏం వరుస?"

"కలుపుకుంటే వరుస గాకపోతదా, తియ్" అని మా తాత నవ్వాడు.

ఇంటికి వెళ్ళాక దెబ్బలు తప్పవనుకున్నాను. తాత నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, "ఏదీ బిడ్డా, నీ పాట జెర పాడు" అన్నాడు. మూడుసార్లు పాడించుకున్నాడు. మరుసటి శనివారం శరణు పాట మాటలన్నీ ఆ సినిమా వరుసలో వినిపించాయి. పిల్లలం గొంతులు చించుకున్నాం.

"నీ గురువు వరుసను గంగల కలిపినవ్" అన్నాడు డోలక్ పెద్దాయన.

"వరుస పోతే పోనియ్. పోరగాండ్లు రాకుంటే పాటే పోతది."

తాత మళ్ళీ పాత వరుస పాడలేదు. నేను గెలిచాననుకున్నాను.

వయసు వచ్చాక భజన అంటేనే సిగ్గేసింది. పటాన్‌చెరు మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి కుదిరాక, తోటి బీహారీ ఆడవాళ్ళ హిందీ పాటలు నావయ్యాయి. మా ఆయన చనిపోయిన ఏడాది ఏ పాటా చెవికెక్కలేదు. మళ్ళీ గుడికి వెళ్ళాను, పురాణం విన్నాను, శరణు అన్న మాటకు అర్థం అప్పుడు తెలిసింది. ఆ మాట దగ్గర ఆగి ఊపిరి తీసుకునే పాత వరుస కావాలనిపించింది. నోరు తెరిస్తే సినిమా వరుసే వచ్చింది. తాత లేడు. భజనవాళ్ళలో ఒక్క డోలక్ పెద్దాయనే మిగిలాడు, పోతిరెడ్డిపల్లిలో బిడ్డ ఇంట్లో.

వెళ్ళి అడిగాను. ఆయన కళ్ళు మూసుకుని మోకాలి మీద దరువు వేశాడు. ఆ దరువు పాతదే, నిదానంగా, తాళం తప్పకుండా. నోరు తెరిచాడు. వచ్చింది సినిమా వరుస. చెయ్యి ఆగిపోయింది.

"నా నోట్ల గూడ గదే జొర్రింది బిడ్డా" అన్నాడు.

ఆ సినిమా ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. "ఎంత పాత వరుస పెద్దమ్మా, జెర నేర్పు" అంటారు గుడికొచ్చే కోడళ్ళు. నేర్పుతున్నాను. పాట నిలిచింది, తాత అన్నట్టే. కానీ ప్రతి శనివారం మొదలుపెట్టే ముందు ఆ పెద్దాయన మోకాలి దరువు తాళాల మీద కాసేపు వేస్తాను. దాని మీదికి రావలసిన వరుస కోసం చూస్తాను. రాదని తెలుసు. స్వామికి గుర్తుండే ఉంటుంది, నాకైతే చెప్పడు. ఇక అందరూ అందుకోవాలి కదా అని, ఆనాడు నవ్వుతూ తీసిన కూనిరాగమే ఎత్తుకుంటాను.