చక్కెర మీద మంచు

నా చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో మేం కిరాయికున్న ఇంటికి మా మేనమామ సెలవు మీద వచ్చాడంటే నాకు పండగ, మాతో ఉండే అమ్మమ్మకు పోలీసు డ్యూటీ. మామ సైన్యంలో, మంచుకొండల్లో పనిచేసేవాడు. కొండ కింద సామాన్ల గోదాములో కూర్చునే ఉద్యోగమని ఆమెకు చెప్పాడు. ఆమె నమ్మలేదు. పోచంపల్లి వైపు మగ్గాల మధ్య పెరిగిన మనిషి; చీర పైమెరుపు చూసి మురిసిపోదు, తిరగేసి పోగు లాగి చూస్తుంది. కొడుకునూ అలాగే చూసేది.

నాకూ మామ మీద అనుమానమే. మంచు మనుషుల్ని మింగుతుందంటాడు. దూదిలాంటిది మనిషినేం చేస్తుంది? కోతలు కోస్తున్నావని మొహం మీదే అనేశాను.

మామ నవ్వి, మా నాన్న దుకాణంలో బట్ట చుట్టే చెక్కపలక ఒకటి తెచ్చి, దాని మీద చక్కెర పలచగా పరిచాడు. "గిది చలికాలం మొదట్ల పడ్డ మంచు. జరంతనే పడ్తది. చలికి గిట్ల పలుకులు పలుకులైతది, ఒకదానికొకటి అంటుకోదు." పైన గోధుమపిండి మందంగా పోసి అరచేత్తో అదిమాడు. "గిది తర్వాత పడ్డది." పలకను మెల్లగా వాల్చాడు. పిండి కదల్లేదు.

"ఏలు పెట్టు," అన్నాడు.

పెట్టానో లేదో, పిండంతా పగిలి ఒక్కసారిగా జారి నా ఒళ్లో పడింది. కెవ్వుమన్నాను. మామ ఉత్సాహంగా, "మేం కాలు పెట్టినా గంతే!" అని, వెంటనే నాలుక కరుచుకున్నాడు.

వంటింటి గడపలో అమ్మమ్మ నిలబడి ఉంది. చక్కెర పాడుచేశామని తిడుతుందనుకున్నాను. "అంటే నువ్వు గా మంచు మీదనే నడుస్తున్నవా?" అంది. మామ తల దించుకున్నాడు. పోవద్దంటుందేమో, ఏడుస్తుందేమో అని నాకు భయమేసింది. ఆమె దగ్గరికొచ్చి అతని చేతికంటిన పిండిని కొంగుతో తుడిచింది.

"పైన మంచిగ కనవడ్డదని నమ్మకు బిడ్డా. అనుమానమొస్తే ఎనుకకు మర్లు. పిరికోడని నవ్వుతే నవ్వనీ. నవ్వేటోళ్లు నా కొడుకును తెచ్చియ్యరు."

మామ ఉద్యోగం పూర్తిచేసుకుని క్షేమంగా వచ్చాడు. ఒకసారి నిజంగానే తన వాళ్లను ఆపి వెనక్కి మళ్లించానని, ఆ వాలు మధ్యాహ్నానికి కూలిందని, అమ్మమ్మ పోయాక గానీ చెప్పలేదు.

మొన్న ఎల్బీనగర్‌లో ఉండే మా మనవరాలు డిసెంబరులో మంచుకొండలెక్కుతానంది. ఫోన్లో తెల్లటి వాలు చూపించి, "ఇంకా సీజన్ మొదలే నానమ్మా, మంచు తక్కువుంది, పరేషాన్ కాకు," అంది. తక్కువనగానే నాకు పలక మీద మామ పలచగా పరిచిన చక్కెర గుర్తొచ్చింది. అడుగున ఏముందో అక్కడివాళ్లని అడిగావా అన్నాను. అనుమానం పెనుభూతమని నన్నే వెక్కిరించింది.

అందరూ ముందుకు పోతుంటే ఆగి, అడుగున ఏముందని అడగడానికి నాకిప్పటికీ సిగ్గు లేదు. వెక్కిరిస్తే పడతాను. ఆ పిల్ల ఇంటికి రావాలి.