పగులు అనే మాట

గురవయ్య చావులో నా చేయి ఉంది. ఏళ్ల తరబడి మోస్తున్న ఈ బరువును ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

మార్కాపురం దగ్గర ఒక పలకల గని కంపెనీకి నేను వెబ్ సర్వర్ చూసేవాణ్ని. కూలీలు ఫోన్‌లోంచి ఫిర్యాదులు రాసుకోవడానికి సైటులో ఒక పేజీ ఉండేది. గని గోడలకు పగుళ్లొస్తున్నాయని రాతలు ఎక్కువయ్యాయి. ఆ మాట ఉన్న ఫిర్యాదేదీ నిలవకూడదని, రేపు ఇంకెవరొచ్చినా మార్చలేకుండా చేయమని యజమాని అడిగాడు.

సైటు మీద జరిగే దొంగదాడులను ఆపే ప్రోగ్రాం ఒకటుంటుంది. ఆ సెక్యూరిటీ మాడ్యూల్‌ను మామూలుగా విడిగా పెడతారు. సెట్టింగుల్లో ఒక్క లైను తీస్తే అది ఆగిపోతుంది. నేను దాన్ని సర్వర్‌తో కలిపి ఒకే ప్రోగ్రాంగా కంపైల్ చేశాను. ఇక అది సర్వర్ ఒంట్లోనే ఉంటుంది. ‘పగులు’ అన్న మాటను దాడిగా లెక్కగట్టి ఆపేయమని అందులోనే రాశాను. రాసినవాళ్లకు మాత్రం ‘మీ మాట అందింది’ అని జవాబు వెళ్లేది. ఎందుకు చేశాను? భయపడ్డానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను కానీ, ఇంత తెలివైన పని నాకు చేతనవుతుందని చూపించుకోవాలన్న ఆశే అప్పుడు నన్ను నడిపించింది.

ఒకరోజు గురవయ్య ఫోన్ చేశాడు. అర్ధవీడు నుంచి వచ్చి గనిలో డ్రిల్లింగ్ చేసే మనిషి. సైటు చూసేది నేనేనని ఆయనకు తెలుసు.

“అన్నా, గోడకు పగులు వచ్చినాదని రాసినాను. అందిందని చూపిస్తాంది. ఎవురూ రాలేదేంది?”

“చూస్తారులే గురవయ్యా. అట్ల తొందరపడితే ఎట్ల?”

“సరే అన్నా. నువ్వు చెప్పినావు, సాలు.”

ఆ వారంలోనే గోడ కూలింది. గురవయ్య శవాన్ని బయటికి తీశారు. ఆయన ఫోన్ రాళ్లకిందే ఉండిపోయింది.

ఆ తర్వాత కూడా మాడ్యూల్ రోజూ ఒక ఫిర్యాదును ఆపుతూనే ఉంది. గోడకు పగులు వచ్చినాదన్న అదే వాక్యం. కింద గురవయ్య పేరు. తోటి కూలీలెవరైనా పంపుతున్నారా? అడిగితే తెలిసేది. అడగలేదు. ఆ పేరు తెర మీద కనిపించినప్పుడల్లా తెర మూసేసేవాణ్ని. చనిపోయిన మనిషికి నా సర్వర్ ‘అందింది’ అని బదులిస్తూనే ఉండేది.

సర్వర్‌ను మళ్లీ కట్టి దాన్ని తీసేయగలిగేవాణ్ని. తీస్తే, ఎవరు పెట్టారని అడుగుతారు. అందుకే అట్లాగే వదిలేసి, ఉద్యోగం మానేసి గిద్దలూరు వచ్చేశాను. ఆ సర్వర్ ఇంకా నడుస్తోంది. కొత్తవాళ్లు సెట్టింగులన్నీ వెతికినా వాళ్లకది కనిపించదు.

నన్ను క్షమించమని అడగను. ‘అందింది’ అన్న ఆ అబద్ధం చెప్పింది నేనే. ఈ వాక్యం రాశాక, ఇన్నేళ్లకు ఊపిరి ఆడుతోంది.