జూరాకాన్ ఇంట్లో గడ్డి

మా తోటికోడలు జూరాకాన్ చేతి బోర్సోక్ లేకుండా కరకోల్ ఊళ్లో పిల్ల పుట్టినా పండగ కాదు, ముసలాడు పోయినా కర్మ తీరదు. పిండి ముక్కలు కోసి నూనెలో వేయడం ఎవరికి రాదు? నాకూ వచ్చు. నేను వేస్తే బాణలి అడుగున పడి ఆలోచిస్తూ కూర్చుంటాయి. ఆమె వేస్తే పొంగి పైకి తేలతాయి. ఈ మాట ఆమె ముఖం మీద ఏనాడూ అనలేదు, ఇకముందు అనను కూడా.

నేను పెద్ద కోడల్ని, ఆమె చిన్న కోడలు. అన్నదమ్ములిద్దరూ పోయారు. ఒకే గోడకు అటొకరు ఇటొకరం మిగిలాం. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తగారు నిండు బంతిలో ఒక మాట అంది. "మీ పుట్టింట్లో చుట్టాలొస్తే వేణ్నీళ్లు పోసి టీ అని చెబుతారటగా" అని. నిజంగానే లేనివాళ్లు. జూరాకాన్ ఆ రోజు తలగుడ్డ కొంగుతో ముఖం దాచుకుంది. కానీ ఆ తర్వాత జీవితమంతా ఆ మాటకే జవాబు వండుతూ వచ్చింది. బడి వంటశాలలో గరిటె తిప్పింది, ఇంటికొచ్చి మళ్లీ పొయ్యి వెలిగించింది. గ్యాసు లెక్క రాసుకోవడానికి వచ్చినవాడు కూడా ఆమె గడప దగ్గర నిలబడి జామ్ తినకుండా కదిలింది లేదు.

కుందేలును కూడా కూరకే తెచ్చింది. ఆదివారం పశువుల సంతలో ఒకడు చెవులు పట్టుకుని అమ్ముతుంటే కొనుక్కొచ్చింది. ఇంటికి తెచ్చి కత్తి నూరుతుంటే అది వచ్చి ఆమె చెప్పు మీద తల పెట్టి పడుకుంది. ఆ పూట బంగాళాదుంపలు వండింది.

తెల్లగా ఉందని మామిక్ అని పేరు పెట్టింది. మా భాషలో దూది అని అర్థం. ఆ ఇంట్లో మామిక్ పెంపుడు జంతువుగా కాదు, చుట్టంగా బతికింది. మా వైపు ఆచారం ప్రకారం గడప దాటబోయేవాడు ఎంత తొందరలో ఉన్నా రొట్టె తుంచి నోట్లో వేసుకుని వెళ్లాలి. జూరాకాన్ ఇంట్లో ఆ తుంచినదాంట్లో ఒక ముక్క మామిక్ నోటికి కూడా అందేది. రోజుకు ఎంతమంది వస్తారో అన్ని ముక్కలు. పైగా ఎండు ఆప్రికాట్లు, హల్వా. ఒకసారి మా వీధివాడొకడు "దీనికి కాస్త గడ్డి వెయ్యొచ్చుగా పిన్నీ" అన్నాడు. "మా ఇంటికొచ్చినవాళ్లకి గడ్డి పెట్టే వంశం కాదురా మాది" అంది జూరాకాన్. నేను కూడా నవ్వాను.

చలికాలం మధ్యలో మామిక్ ఎడమ కన్ను నీరు కారడం మొదలైంది. తర్వాత తెల్లగా పుసి పట్టింది. జూరాకాన్ చిక్కటి టీ డికాక్షన్‌లో దూది ముంచి కడిగింది. దిష్టి పోగొట్టే అర్చా చెట్టు కొమ్మ కాల్చి చుట్టూ పొగ తిప్పింది. కన్ను తగ్గకపోగా ముందుకు ఉబుకుతూ వచ్చింది. ఊళ్లో ఆవులకూ గొర్రెలకూ మందులిచ్చే డాక్టరు చూసి, "కుందేళ్ల సంగతి నాకు తెలీదమ్మా. రాజధానికి, బిష్కెక్‌కి తీసుకెళ్లండి" అని కంటిలో పూసే మందు ఒకటి ఇచ్చాడు. తీసుకెళ్లలేదు. ఆమెకు అప్పటికే కారణం దొరికింది.

ఎదురింటి అనార్‌కుల్ అంతకుముందు ఒకనాడు టీకి వచ్చి, "అబ్బ, ఏం కళ్లే దీనివి! నల్ల ద్రాక్షపళ్లలా!" అంది. అన్నాక తూ తూ అని ఉమ్మలేదు. అంతే.

డాక్టరు చూసిన తర్వాతి వారం మా వీధి చివరి ఇంట్లో మనవడిని ఊయలలో వేసే పండగ. ఆడవాళ్లంతా పెరట్లో చేరారు. జూరాకాన్ బాణలి దగ్గర ఉంది. అనార్‌కుల్ పిండి పళ్లెం పట్టుకుని వచ్చింది.

"అక్కడే ఆగు" అంది జూరాకాన్, గరిటె అడ్డం పెట్టి. "నా నూనె వైపు చూడకు."

"ఏమైందే?"

"ఏమైందా? నీ కళ్లు పడి నా మామిక్ కన్ను పోతోంది. ఇక బోర్సోక్ కూడా మాడ్చేద్దామనా?"

ఆడవాళ్లంతా చేతిలో పని ఆపారు. నూనె మాత్రం చిటపటలాడుతోంది. అనార్‌కుల్ పిండి పళ్లెం గట్టు మీద పెట్టింది, చేతులు గౌనుకు తుడుచుకుంది, రొట్టె తుంచకుండా గడప దాటి వెళ్లిపోయింది. అరవై దాటిన మనిషి. అలా వెళ్లడం ఈ వీధిలో నేను అంతకుముందు చూడలేదు.

మామిక్ తినడం మానేసింది. గడ్డం కింద బొచ్చంతా చొంగతో తడిసి అట్టలు కట్టింది. అప్పుడు నేనే బిష్కెక్ వ్యానులో రెండు సీట్లు మాట్లాడాను. జూరాకాన్ దారి పొడుగునా బుట్ట ఒళ్లో పెట్టుకుని, "దిష్టికి డాక్టరేం చేస్తాడు అక్కా" అని సణుగుతూనే ఉంది.

డాక్టరమ్మ చిన్నపిల్ల. మామిక్ నోరు తెరిచి చూసింది, ఎక్స్‌రే తీసింది. తర్వాత అడిగింది: "ఏం పెడుతున్నారు పెద్దమ్మా దీనికి?"

జూరాకాన్ నిటారుగా కూర్చుంది. "ఏం పెట్టనని అడుగు తల్లీ! రొట్టె, బోర్సోక్, ఎండు ఆప్రికాట్లు, కిస్మిస్, హల్వా. ఆపిల్ అయితే తొక్క తీసి పెడతా. మా ఇంట్లో ఎవ్వరూ ఆకలితో లేవరు."

"మరి గడ్డి?"

"గడ్డా! ఛీ, ఎప్పుడూ పెట్టలేదు."

ఆ పిల్ల తిట్టలేదు. తిడితే బాగుండేది, నేను తిరిగి తిట్టేదాన్ని. ఎక్స్‌రేని కిటికీ వెలుగుకు పెట్టి వేలితో చూపించింది. "కుందేలు పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి పెద్దమ్మా. గడ్డి నమిలితే అరుగుతాయి. మెత్తటివే తింటే అరగవు. దీని పళ్ల వేర్లు లోపలికి పెరిగిపోయాయి. ఇదిగో, కన్ను వెనక్కి. ఇక్కడ చీము పట్టింది. అదే కన్నును బయటికి తోస్తోంది."

"అంటే... దిష్టి కాదా?"

"తిండి, పెద్దమ్మా."

జూరాకాన్ తలగుడ్డ సర్దుకుంది. సర్దుకున్నదాన్నే మళ్లీ సర్దుకుంది. చెవుల దాకా ఎర్రబడింది.

డాక్టరమ్మ రెండు దారులు చెప్పింది. కన్ను తీసేసి, చీము తోడి, ఆ పళ్లు పీకాలి. మత్తుకు తట్టుకోకపోవచ్చు. తట్టుకున్నా మళ్లీ రాదని మాట ఇవ్వలేను అంది. నయమైతే ఇక బతికినన్నాళ్లూ గడ్డే. లేదంటే, నొప్పి తెలియకుండా సూదితో పంపించేయడం. "ఊరికే ఇంటికి తీసుకెళ్లడం మాత్రం వద్దు. ఇవి నొప్పి పైకి చెప్పవు. పళ్లు నూరుతోందే, వింటున్నారా? అది నొప్పికే."

ఆ చప్పుడును జూరాకాన్ ఇన్నాళ్లూ జోలపాట అనుకుంది. నిద్రపోయే ముందు పాడుకుంటుందని అందరికీ చెప్పుకుంది.

బయట బల్ల మీద కూర్చున్నాం. బుట్ట మా మధ్య ఉంది.

"సూదే వేయిద్దాం అక్కా" అంది. "పాపం, ముసలిదైపోయింది."

"దానికి నాలుగేళ్లు. ముసలిదానివి నువ్వు."

"ఒంటి కన్నుతో ఏం బతుకుతుంది?"

"మన మామగారు యుద్ధం నుంచి ఒంటి కన్నుతోనే వచ్చారు. ఆ తర్వాతే ఆరుగుర్ని కన్నారు."

ఆమె నవ్వలేదు. గొంతు తగ్గించి అంది: "ఇది కన్ను లేకుండా మూల కూర్చుని గడ్డి నములుతుంటే వచ్చినవాళ్లంతా ఏమైందని అడుగుతారు. నేనేం చెప్పాలి? నా చేత్తో పెట్టి పెట్టి గుడ్డిదాన్ని చేశానని చెప్పనా? చచ్చిపోతే ఎవరూ అడగరు. దిష్టి తగిలి పోయిందంటారు."

"అంటే అనార్‌కుల్ నెత్తిన వేసి పాతిపెడతావన్నమాట."

తలగుడ్డ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఏడుపు నాకు కొత్త కాదు. కానీ ఇలా ముఖం దాచుకోవడం ఆమె కాపురానికొచ్చిన కొత్తలో చూశాను, మళ్లీ ఇప్పుడు. బుట్టలోంచి పళ్లు నూరే చప్పుడు వస్తూనే ఉంది. ఆమె వింటోంది, నేనూ వింటున్నాను. కొంతసేపటికి లేచి, నన్ను చూడకుండా బుట్ట ఎత్తుకుని లోపలికి నడిచింది.

"కన్ను తీసెయ్ తల్లీ" అంది డాక్టరమ్మతో. "దానికి నొప్పి ఉండకూడదు. నా సంగతి నేను చూసుకుంటా."

మామిక్ బతికింది. కన్ను ఉన్న చోట బొచ్చు గీసేసి కుట్లు వేశారు. గడ్డి పొడి కలిపిన పచ్చటి జావ సిరంజితో నోట్లో పోయాలన్నారు, సూది మందు ఇవ్వాలన్నారు. తర్వాత మంచి ఎండు గడ్డి, బూజు లేనిది కావాలన్నారు.

మార్చి నెలలో మా ఊళ్లో మంచి గడ్డి ఎక్కడిది? ఉన్నదంతా పశువులు తినేశాయి. బజారులోది నల్లబడి వాసన కొడుతోంది. కొండ మీద కోసిన గడ్డి ఎండిపోయినా వాసన పోకుండా అటక మీద దాచుకునేది మా వీధిలో ఒక్కతే. అనార్‌కుల్.

జూరాకాన్ ఒక్కతే వెళ్లలేక నన్ను లాక్కెళ్లింది. అనార్‌కుల్ గేటు సగమే తెరిచింది.

"ఏం, నా కళ్ల ముందు నిలబడ్డావు? ఏమన్నా అయిపోతావేమో!"

"దిష్టి కాదు అనార్‌కుల్" అంది జూరాకాన్. "నా తిండే. నేనే తినిపించి పాడుచేశా."

"నాకు చెబితే సరిపోయిందా? వీధి ఆడవాళ్లందరి ముందూ అన్నావు కదా ఆ మాట."

అనార్‌కుల్ లోపలికి వెళ్లి గోనె నిండా గడ్డి కుక్కి తెచ్చింది. లోపలికి రమ్మనలేదు. "తీసుకెళ్లు. ఆ నోరులేనిదేం చేసింది? అయిపోతే మళ్లీ రా. ఆ మాట మాత్రం అన్నచోటే అను."

వసంతం పండగకు ఆడవాళ్లు మళ్లీ చేరారు. బాణలి కాగుతోంది. జూరాకాన్ గరిటె పట్టుకుని నిలబడి, ఎవరి వైపూ చూడకుండా గట్టిగా అంది: "నా కుందేలు కన్ను దిష్టి వల్ల పోలేదు. నేను పెట్టిన రొట్టెల వల్ల పోయింది. అనార్‌కుల్‌ను ఊరికే అన్నా."

మూలనుంచి ఒక ముసలామె, "అయితే మా మనవళ్ల పుచ్చుపళ్లూ నీ పుణ్యమేనన్నమాట!" అంది. పెరడంతా పగలబడి నవ్వింది. జూరాకాన్ నవ్వలేదు. ఆమె మెడ దాకా ఎరుపు పాకింది. అనార్‌కుల్ కూడా నవ్వలేదు. తల ఎత్తకుండా ఉల్లిపాయలు తరుగుతూనే ఉంది.

ఇంటికి వస్తుంటే జూరాకాన్ అడిగింది: "విన్నదంటావా అక్కా?"

"వింది."

"మరి ఒక్క మాటా అనలేదే?"

"ఏమనాలి? దాని స్థానంలో నువ్వుంటే ఏమనేదానివి?"

జూరాకాన్ తన గేటు దగ్గర ఆగింది.

"నేనైతే గడ్డి ఇచ్చేదాన్ని కాదు" అంది.