కాగితంలో లేని గడి

వైద్య కళాశాలలో నేను మనస్తత్వశాస్త్రం చెబుతాను. దానికి పరీక్ష లేదు కాబట్టి వెనక బెంచీలు హాయిగా నిద్రపోతాయి.

వానల్లేని ఏడాది, ధర్మవరం బస్సులో పక్కనున్న రైతు ఆసుపత్రి కాగితం నా చేతిలో పెట్టాడు.

“రోంత సదువు సారూ. మా తమ్మునిది. నిన్న సచ్చిపోయినాడు.”

ఏ పురుగులమందు, ఎంత, ఎన్నింటికి తాగాడో చదివి వినిపించాను.

“ఎందుకు తాగినాడో రాయలేదా?”

“లేదన్నా. దానికి గడి లేదు.”

“ఆసుపత్రిలో మూడు దినాలు బాగా మాట్లాడినాడు సారూ. ఒక్క డాక్టరూ అడగల్యా.” కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. “నువ్వేం పని చేస్తాండావు?”

“పాఠాలు చెబుతాను.”

ఎవరికని అడుగుతాడేమోనని, అతను దిగే రాప్తాడు వచ్చేదాకా కిటికీలోంచి ఎండిన చేలనే చూస్తూ కూర్చున్నాను. అతనూ అడగలేదు.