అమ్మ గొంతుకూ నాకూ మధ్య ఫ్యాను

గొంతు ఆపరేషన్ తర్వాత అమ్మ మాట బాగా సన్నబడింది. సీతాఫల్‌మండిలో మాది ఒకటే గది, వంటిల్లు. గదిలో ఓ మూల అమ్మ మంచం, నాలుగడుగుల దూరంలో నా కంప్యూటర్. అచ్చుకు వెళ్లే పుస్తకాలకు దాని మీద పేజీలు కూర్చడం నా పని. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఆ డబ్బా ఆన్ చేసిన క్షణం నుంచీ దాని వెనక ఫ్యాను మోత పెడుతూనే ఉండేది. నిజానికి ఆ మోత నాకు ఇష్టం. అది మొదలైతే నన్నెవరూ పలకరించరు.

మే నెలలో ఒక మధ్యాహ్నం మంచినీళ్లకు లేచి చూస్తే, అమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. లేవబోతే కళ్లు తిరిగాయట.

"ఇప్పుడే కూసున్న," అంది.

చేయి పట్టి లేపాను. ముంజేతి మీద మంచం నవారు అల్లిక అచ్చు లోతుగా పడి ఉంది. ఇప్పుడే ఆనించిన చేయి కాదది.

మర్నాడు డబ్బా మూత తీసి ఫోన్‌లో ఫొటో తీసుకుని, స్టేషన్ దగ్గర రిపేరు దుకాణానికి వెళ్లాను. కొత్తవాళ్ల ముందు నాకు మాట రాదు. అడగాల్సింది డైరీ కాగితం మీద రాసుకుని పోయాను. దుకాణదారు అది చూసి నవ్వాడు.

"ఏందమ్మా, దరఖాస్తా? నోటితోని చెప్పు."

"ఫ్యాన్ చప్పుడు తగ్గాలి. అమ్మ పిలిస్తే వినబడాలి."

అతను ఫొటో పెద్దది చేసి చూశాడు. "ఫ్యాన్ వైరు సీదా లోపటి కరెంటు డబ్బాకే పెట్టిన్రు. గిట్లుంటే ఎప్పుడు ఫుల్ స్పీడే. మదర్‌బోర్డుకు పెట్టాలె, అప్పుడు వేడిని బట్టి తిరుగుతది." బోర్డు మీద నాలుగు పిన్నులున్న చోటు చూపించి, దానికి సరిపోయే ఫ్యాను ఇచ్చాడు.

ఇంటికొచ్చి, గాలి పోయే దిక్కు చూపే బాణం గుర్తు బయటికి ఉండేలా కొత్త ఫ్యాను బిగించాను. ఆన్ చేయగానే డిలీట్ మీట నొక్కితే వచ్చే సెట్టింగుల్లో వేగం తగ్గించాను. ఆశ కొద్దీ మరీ తగ్గించానేమో, అరగంటకే మెషిన్ వేడెక్కి ఆగిపోయింది. కొంచెం పెంచి మళ్లీ కూర్చున్నాను.

"సప్పుడు లేదేందే ఇయ్యాల?" అమ్మ గొంతు. కుర్చీలోంచే విన్నాను.

"తగ్గించిన అమ్మా. ఇగ పిలిస్తే వినబడ్తది."

"గట్లనా. పలుకుతలేవని పిలుసుడే బంద్ జేసిన. పనిలున్నవనుకున్న."

"ఎప్పటిసంది?"

"ఏమో. యాదికి లేదు."

పెద్ద ఫైళ్లు తయారయ్యేటప్పుడు ఫ్యాను మోత ఇప్పటికీ పెరుగుతుంది. అంతకన్నా తగ్గించడానికి వీల్లేదు. ఆ కాసేపూ వెళ్లి మంచం మీద అమ్మ పక్కన కూర్చుంటాను.