సుప్రీత ముద్ర

“...ఇంజనీర్లందరు ముద్ర నా దుకాన్లనే పెట్టి పోతరు, నీ ఒక్కదానికే ఏంది గిన్ని నకరాలు?” సుప్రీతకు వరసకు చిన్నాయన అయిన, ఇండ్లు కట్టే మేస్త్రీ జంబన్న గొంతు పెంచాడు. ఇంజనీరు లైసెన్సు వచ్చిననాటి నుంచి సుప్రీత రబ్బరు ముద్ర ఆమె చేతిసంచిలోనే ఉంటుంది. సంతకానికి ముందు ప్రతి కట్టడం చుట్టూ నడిచి, గోడను తాళంచెవితో గీకి చూస్తుంది. చిక్కసూగూరులోని ఈ ఇంటికి ఆమె రెండంతస్తులకే ప్లాను గీసింది. తడిస్తే ఉబ్బి ఎండితే కుంగే నల్లరేగడి మీద జంబన్న మూడోది కూడా లేపాడు. కింది స్తంభం పగులులోకి తాళంచెవి సగం దిగింది.

“పూత పూస్తే కనబడది. ఇల్లు గట్టిదని సంతకం పెట్టు బిడ్డా, పైన ఇంటోళ్లు పాలు పొంగిస్తున్నరు. నా మాట పోతది.” ఇన్నాళ్లూ ఆమెకు పని తెచ్చింది అతనే.

సుప్రీత మెట్ల దగ్గరికి వెళ్లి పైనున్న ఇంటావిడకు కేకేసింది. “అమ్మా, పొయ్యి ఆర్పి అందరు కిందికి రాండ్రి. ఈ ఇంటికి నేను సంతకం పెడ్తలేను.”