జేబులో ఇత్తడి తొడుగు

గంట మోగింది. తేలే వంతెన ఒడ్డు వదిలి పక్కకు జరగడం మొదలుపెట్టింది. పరుగెత్తి గట్టు అందుకునే వయసు ఎద్సెల్ పీటర్నెలాకు దాటిపోయింది. నడివంతెన మీదే కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. విల్లెమ్‌స్టాడ్‌లో అరవై ఎనిమిదేళ్లు బతికినవాడికి ఓడ దాటేదాకా ఆగడం కొత్త కాదు. ఆగినప్పుడు పక్కనెవరున్నారో చూడటమూ కొత్త కాదు.

నల్లబట్టల్లో ఒకామె బరువైన పెట్టె మీద కూర్చుని రొప్పుతోంది. మూత చూసి టేపు రికార్డరని పోల్చుకున్నాడు.

"బాగుచేయించుకుని వస్తున్నారా?"

"ఏం బాగులెండి! ఇద్దరికి చూపించాను. కరెంటు సరిపోయింది, ప్లగ్గు సరిపోయింది, పెట్టే పోయిందన్నారు. మొన్న మా అరూబా దీవిలో శుభ్రంగా తిరిగింది."

"ఇప్పుడు తిరగదా?"

"తిరుగుతుంది. పోయిన మా ఆయన గొంతుంది ఇందులో. బతికుండగా చుక్క ముట్టని మనిషి. మీ ఊరొచ్చాక తాగుబోతులా సాగదీసి మాట్లాడుతున్నాడు!"

ఎద్సెల్ నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆమె కళ్లెర్రజేసింది.

"మీ ఆయన తప్పేం లేదమ్మా. మా కరెంటే నిదానం. మీ దీవిలో సెకనుకు అరవైసార్లు కొట్టుకుంటుంది, ఇక్కడ యాభై. మోటారు దాన్నిబట్టే తిరుగుతుంది. వోల్టులు అవే, ప్లగ్గు అదే. అందుకే అందరూ బోల్తాపడతారు."

ప్లగ్గును నమ్మి చెడినవాళ్లు లోకంలో చాలామంది. దూరినంత మాత్రాన కుదిరినట్టు కాదు. హాలండువాళ్ల ఇస్త్రీపెట్టెలు ఇక్కడి నూట ఇరవై ఏడు వోల్టులకు గోరువెచ్చనై ఊరుకుంటాయి. అమెరికా గడియారాలు గంటకు పది నిమిషాలు వెనకబడతాయి. ఒకసారి ఒక దొరసాని తన గడియారాన్ని నమ్ముకుని ఓడ అందుకోలేక, ఈ దీవిలో పొద్దే ఆలస్యంగా పొడుస్తుందని హోటలు మెట్ల మీద తగువేసుకుంది. అలాంటివాళ్ల కోసమే ఎద్సెల్ ఓత్రోబండా పేటలో ఒక సందులో ట్రాన్స్‌ఫార్మర్లు చుడతాడు. అంతకుముందు ఇరవై ఆరేళ్లు చమురు కర్మాగారంలో మోటార్లకు తీగ చుట్టాడు. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగితే, "చుట్టు పూర్తికాకముందే తీగ అయిపోయింది" అనేవాడు. ఆయన పెట్టెలు దేశదేశాలవాళ్ల గదుల్లో గుయ్యిమంటూ ఉంటాయి. ఆయన గదిలో మాత్రం పలకరించే ప్రాణి లేదు.

ఆమె పేరు ఒలిండా త్రోంప్. ఇక ఈ ఊళ్లోనే చెల్లెలి కూతురింట్లో ఉండిపోవడానికి వచ్చింది. పెట్టెను ఎద్సెల్ తన కొట్టుకు మోసుకొచ్చాడు. దాని జబ్బుకు మందు చిన్నదే. మోటారు కడ్డీకి ఇత్తడి తొడుగొకటి వేసి, అయిదో వంతు లావు చేస్తే చాలు. ఎద్సెల్ ఆ సాయంత్రమే దాన్ని చెక్కేశాడు.

మర్నాడు ఆమె వచ్చి ముక్కాలిపీట మీద కూర్చుంది. మొక్కజొన్న రొట్టెలు తెచ్చింది. "ఈ దుమ్ములో ఎలా బతుకుతున్నారు మేస్త్రీ?" అంటూ బల్ల తుడిచింది. తాడు తెంపుకునే తమ మేక సంగతులు చెప్పింది.

"అయిందా?"

"రేపు" అన్నాడు ఎద్సెల్. తొడుగు చొక్కా జేబులోనే ఉంది.

అలా 'రేపు' అంటూనే తొమ్మిది రోజులు గడిచాయి. పక్కకొట్టు మంగలి నాన్సో కత్తి నూరుకుంటూ కేకేశాడు.

"ఏరా ఎద్సెల్, జబ్బు పెట్టెకా, నీకా? రోజూ గడ్డం గీయించుకుంటున్నావు!"

"నీ కత్తికి పని దొరికింది కదా, నోరు మూసుకో!"

పదోనాడు ఆమె రొట్టెలు తేలేదు. వచ్చి పీట మీద కూర్చుంది.

"పొద్దున ఆయన్ని తలుచుకున్నాను మేస్త్రీ. ఆ సాగదీసిన గొంతే వచ్చింది చెవిలోకి. అసలుది గుర్తురావడం లేదు. చేతకాకపోతే చెప్పండి, ఇంకెక్కడికైనా మోసుకుపోతాను."

ఎద్సెల్ చేయి జేబు మీదికి పోయింది. ఇంకో రోజు ఆపితే పీట మీద ఇంకో రోజు ఆమె ఉంటుంది. ఆయన లెక్క అంతే. కానీ అక్కడ ఒక మనిషి రెండోసారి చచ్చిపోతున్నాడు. తొడుగు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇదెప్పుడు చేశారు?"

"మీరు కలిసిన రోజే."

ఆమె ఆయన్ని తేరిపార చూసింది. తిట్టినా బాగుండేదనుకుంటూ ఎద్సెల్ వంగి కడ్డీకి తొడుగు ఎక్కించాడు, మర బిగించాడు, మీట నొక్కాడు.

"ఒలిండా! ఇది తిరుగుతోందా? దీనికేం చెప్పాలే? మేక మళ్లీ తాడు తెంపుకుంది, వచ్చి పట్టుకో!"

తేలికైన, తొందర గొంతు. నవ్వు దాచుకుంటున్న గొంతు.

"తిరుగుతోందిలే, చెప్పు! మేకను నేను చూసుకుంటాలే" అంది ఒలిండా పెట్టెతో. నవ్వుతూ, చేతిరుమాలుతో కళ్లొత్తుకుంటూ, పీటను పెట్టె దగ్గరికి లాక్కుంది. ఎద్సెల్ వైపు వీపు, పెట్టె వైపు మొహం. పెట్టెలోంచి ఆయన మళ్లీ ఏదో అన్నాడు, ఆమె మళ్లీ బదులిచ్చింది.

తన కొట్టులో తానే మూడోమనిషయ్యాడు ఎద్సెల్. చేతులు తుడుచుకున్నాడు. మేకుకున్న టోపీ తీసుకుని, చప్పుడు కాకుండా గడప దాటాడు.

"కొట్టు ఎవరికి వదిలి పోతున్నావురా?" అని అరిచాడు నాన్సో.

ఎద్సెల్ ఎండలో గోడవారగా నడుచుకుంటూ సందు మలుపు తిరిగిపోయాడు.